బోరుబండిలో టీవీ

పద్నాలుగంగుళాల డబ్బా టీవీ,
మేస్త్రీ ఏళుమలై పడుకునే బల్ల తలాపున
సైకిల్ ట్యూబుతో కట్టేసుండాది.

పుంగనూరులో కొన్న కొత్త పెట్టెకు మూడు పిన్నులు:
ఎరుపు, తెలుపు, పసుపు.
టీవీకేమో వెనకాల ఒకటే బొక్క.
"మూడు నోళ్లకు ఒక చెవి ఎట్ల సాలుతుందప్పా?" అన్నా.
షాపు ఖాదర్ నవ్వి
మధ్యలో అగ్గిపెట్టంత ఇంకో డబ్బా తగిలించినాడు.
"మూడో నంబర్లో పెట్టుకో.
బండి కదిలినప్పుడల్లా గొడుగు మళ్లీ తిప్పుకోవాల."
మా బండి కదలని రోజేది?

పలమనేరు దాటినాక, ఎండిన టమోటా తోటలో
రెడ్డెమ్మక్క తానే గొడుగు పట్టుకునింది,
నిన్న టెంకాయ లేచి నిలబడిన అరచేత్తోనే.
"ఇట్లనా? ఇంకా తూరుపుకా?"

బొమ్మ వచ్చింది.
రాడ్డు తిరిగితే మాత్రం ముక్కలు ముక్కలు.
రాడ్డు మార్చేటప్పుడు ముఖాలు అతుక్కుంటాయి,
మళ్లీ పగులుతాయి.

నాలుగొందలడుగులు, దుమ్ము.
ఏడొందలు.
పదకొండొందల కాడ అక్క చెయ్యెత్తింది.
ఇంజను ఆగింది.

బండిలో బొమ్మ అద్దం మాదిరి ఉండాది.
ఎవరో బకెట్టు నిండా నురగలో
తెల్ల చొక్కా ఉతుకుతా ఉంది.
ఏళుమలై ఎక్కి
పసుపు పిన్ను ఒకటే పీకినాడు.
మాటలు ఇంకా వినపడతానే ఉన్నాయి.