నో బిడ్

పామూరు రోడ్డులో పాత సామాన్ల ఖాజావలి
ఇనుముతో పాటు కాటాకేసి అమ్మాడు దాన్ని.
రెండొందలన్నాడు. నూట ఎనభై ఇచ్చాను.
వెనక స్టిక్కరు సగం చిరిగుంది:
పొగాకు వేలం కేంద్రం, ఆరో టేబులు.

విప్పితే లోపలంతా ఆకు దుమ్ము.
ఎన్ని సీజన్లు పీల్చిందో పదిహేడంగుళాల తెర,
బ్రష్షు పెడితే నాకు తుమ్ములు.
కెపాసిటర్లు రెండు పూరీల్లాగా ఉబ్బున్నాయి.
పీకి కొత్తవి అతికి కరెంటిచ్చాను.
కాసేపు ఆలోచించుకుని
తెల్లవారింది దానికి.

తెల్లవారింది గానీ ఆ తెలుపులో పోని మరక:
నిలువు గీతలు, అడ్డ గీతలు,
బేలు నంబరు, బరువు, రేటు.
ఏళ్ల తరబడి కదలని పట్టిక
తోలు కిందికి ఇంకిపోయింది.
అట్టడుగున కుడి పక్క గడిలో
కళ్లు చికిలించి చూస్తే రెండు ముక్కలు
నో బిడ్.
ఏ ఊరి బేలో.
మళ్లీ ట్రాక్టరెక్కించుకుని పోయిందెవరో.

బేళ్ల కింద పరిచే చెక్కలే పెట్టె అయ్యాయి.
బ్రహ్మయ్యాచారి రంధ్రాలు కొట్టిచ్చాడు,
మీటకి లారీ గేరు రాడ్డు బంతి,
మీటలు కాక ఆరు ఆటో హారన్ బటన్లు,
లోపల అరచేతంత బోర్డులో
నా చిన్నప్పటి ఆటలన్నీ.

మొదటి ఆట జెస్సీకి.
ఎదురు షెడ్డులో ఆకు గ్రేడింగు చేసే వెంగమ్మ మనవరాలు,
మునివేళ్ల మీద నిలబడింది.
"ఏం కనపడలా మావా, అంతా నల్లంగా ఉండాది."

మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్లంత అయ్యి చూశాను.
నిజమే. ఓడలు బొగ్గు, చుక్కలు చిల్లులు.
కుర్చీలో కూర్చున్న కంటికి కొలిచిన తెర ఇది,
కింది నుంచి చూసేవాళ్లకి చీకటి.
ఆ కౌంటరివతల నేనూ నిలబడ్డా ఒకప్పుడు,
మా నాయన కండువా పట్టుకుని, మెడ చాచి.
రేటు కనపడక
ఆయన మొహంలోనే చదువుకున్నా.

నాలుగు మరలు విప్పి
తెరని తలకిందులు చేశాను.
బొమ్మని బోర్డులో తిప్పి పెట్టాను.
"ఇప్పుడో?"
జవాబు చెప్పే తీరిక లేదు ఆమెకి,
హారన్ బటన్ టకటకలాడుతోంది.

అడుగున ఉన్న గడి ఎడమ పై మూలకెక్కింది.
శత్రు ఓడలు సరిగ్గా అక్కడి నుంచే దిగుతున్నాయి.
ఆమెకి తెలీదు. అక్కడే కాలుస్తోంది.

పొద్దుగూకి వెంగమ్మ వచ్చింది పిల్ల కోసం.
ఆకు జిగురుకి వేళ్లు నల్లగా.
ఊరికే ఒక బటన్ నొక్కి చూసింది,
ముద్ర పడింది, తుడవబోయింది, నేనే వద్దన్నా.
"ఆటెంత అబ్బయా?"

రేటింకా రాయలేదు, ముందు ఆడు అన్నాను.