ముప్పై నాలుగో నంబరు

మర్రిగూడ పశువుల దవాఖానల
మా నాయిన కంపౌండర్.
కోళ్ళ కొక్కెర రోగం టీకాలు పెట్టే ఫ్రిజ్జుల
కింది అరల, కాగితం పొట్లాలల్ల
గులాబి గింజలు దాచెటోడు.
"ఏందయ్యా బుచ్చిరాములూ ఇవి?" అని డాక్టర్ సారు అడిగితె
"చలికాలం సార్.
మన ఊరికి రాదు గద, డబ్బాల పెట్టిన" అన్నడట.

పొద్దు పొడవకముందె
మొగ్గ పూరాగ విచ్చుకోకముందె
రెక్కలు తుంచి, కేసరాలు కత్తిరించి
ఇంకో చెట్టు పుప్పొడిని
బర్రెల పుండ్లకు మందు రాసే కుంచెతోని అద్ది
మాత్రల కవరు తొడిగి దారం కట్టెటోడు.
దారానికి చీటి.
తల్లి పేరు, తండ్రి పేరు, తారీఖు.
నా బడి సర్టిఫికెట్ల పుట్టిన తారీఖు తప్పు.
గులాబీలయి ఒక్కటి తప్పలే.

"పూజకు ఒక్క పువ్వన్న ఉంచవా,
అన్నిటికీ పెండ్లిళ్ళేనా" అని అమ్మ మొత్తుకునేది.

మొలిచినవాటికి మొదటి ఎండకాలం
పది రోజులకు ఒక్క చెంబు.
అదీ బోరు నీళ్ళే,
మేం తాగిన నీళ్ళే,
మా పండ్ల మీద పసుపు గీతలు గీసిన నీళ్ళే.
ఆకు అంచు మాడితె పీకేసెటోడు
"దీనికి మన ఊరు పడదు" అని, కోపం లేకుంట,
సంబంధం కుదరలేదని చెప్పినట్టు.
రెండు నూర్ల పదిహేను మొక్కలల్ల
ఒక ఏడు నాలుగు మిగిలినయి.
ఇంకో ఏడు ఏమీ మిగలలే.
ఆ పొద్దు గోడకొరిగి బీడీ తాగుకుంట కూసున్నడు,
చీకటి పడ్డంక లేచి కుంచె కడిగిండు.

రిజిస్టరు గూడ దవాఖానదే.
యజమాని, జాతి, రోగం, చికిత్స:
అచ్చయిన గళ్ళు. వాటిల్లనే రాసిండు.

నాకు పద్నాలుగేండ్లప్పుడు
ఆయన వేళ్ళు ముడుచుడు బందయింది.
మోకాళ్ళు, ఆనెంక మెడ.
పిలిస్తె మనిషికి మనిషే తిరగాలె.
కుంచె నా చేతికిచ్చి
పక్కన కుర్చీల కూసొని
"మెల్లగ. దూడ ముక్కు తాకినట్టు" అనెటోడు.
నాకు గులాబీలంటె ఇష్టమా అని
ఎవ్వరడగలే. నాకూ తెల్వదు.
చెయ్యి మాత్రం నేర్చుకుంది.

ముప్పై నాలుగో నంబరు నా చేతులల్ల పుట్టింది.
తల్లి, దర్గ గోడ పక్క నాటు గులాబి.
తండ్రి, నల్లగొండల కచేరి తోటమాలి ఇచ్చిన ఎర్రది.
రంగు గొప్పదేం గాదు,
వానకు తడిసిన ఇటుక రంగు.
వాసన పొద్దుగాల ఉంటది, పదింటికల్ల పోతది.
కని నడి ఎండకాలం ఆ బోరు నీళ్ళు తాగి
ఆకు అంచు ఇంత గూడ మాడలే.
నాయిన రిజిస్టరు తెమ్మన్నడు. చెప్తుంటె నేను రాసిన.
రోగం: లేదు. చికిత్స: లేదు.
యజమాని గడి కాడ చానసేపు ఆగిండు.
ఖాళీగ వదిలెయ్యమన్నడు.
"అవే నీళ్ళు గద నాయినా" అన్న.
"అవే" అన్నడు.

అడిగినోళ్ళకల్ల కొమ్మలిచ్చిండు.
ఒగలు కోడిగుడ్లు తెచ్చిన్రు, ఒగలు మర్చిపోయిన్రు.

మొన్న దేవరకొండ పోతుంటె
బస్సు నాంపల్లిల ఆగింది.
చాయ్ డబ్బా ఎనక, ముండ్ల కంచె మీదికెక్కి
అదే ఇటుక రంగు.
"ఎవరు పెట్టిన్రు?"
"ఏమొ. మేం నీళ్ళు గూడ పోయం.
కొట్టేసినా మల్ల లేస్తది" అన్నడు చాయ్ పోసే పిల్లగాడు.
ఆకు తిప్పి అంచు చూసిన.
డ్రైవర్ హారన్ కొట్టిండు.
పండిన కాయ ఒకటి తెంపి కొంగున ముడేసుకున్న.

ఇప్పుడా గింజలు మా ఫ్రిజ్జుల
పెరుగు గిన్నెకూ పచ్చిమిరపకాయలకూ నడుమ.
మా పిల్ల చెత్తనుకొని రెండుసార్లు పారేయబోయింది.
చీటి కట్టిన. తారీఖు.
తల్లి: ముప్పై నాలుగు.
తండ్రి:
నాంపల్లి తేనెటీగకు ఎరుక.