చెంచాడు నీళ్ళు

చక్రాల మీద కొట్టుకి చోటేంట్రా అని
మా బావ అబ్బులు నవ్వాడు.
నవ్వితే నవ్వాడు.
చేపకి ఈతొచ్చు కదాని పులుసులో వదుల్తామా?

పాత చిన్న ట్రక్కు, వెనక అయిదొందల లీటర్ల ట్యాంకు,
నురగ గన్ను, వాక్యూము, నలభై మెత్తగుడ్డలు.
ఇంకా, ఎవరికీ చెప్పనిది,
తణుకు పాతినుము కొట్లో తూకానికి కొన్న
నల్ల కారు డోరు ఒకటి.

ఊరికో బోరు, బోరుకో చెంచాడు నీళ్ళు.
డోరు మీద పోసి ఎండలో పెట్టి
బీడీ కాలేంతసేపు చూడ్డం.

భీమవరంలో కార్లున్నాయి, చీమల్లా.
నీళ్ళు ఆరితే తెల్ల ఉంగరం మిగిలింది,
గోటికి రాదు, గుడ్డకి రాదు.
రొయ్యల చెరువుల్లోంచి దిగి
ఉప్పు నేలడుగున కాపురం పెట్టిందని
మోటారు కట్టేసే పిల్లాడు చెప్పాడు.
పాలకొల్లులో ఉంగరం కాస్త సన్నం.
నరసాపురంలో అది ఉంగరం కాదండి, వడ్డాణం.

రోడ్డుకి కుడిపక్క నీళ్ళు, ఎడంపక్క నీళ్ళు,
పునాది తవ్వితే నీళ్ళు,
కారు కడగడానికి చెంచాడు లేవు.

రైసు మిల్లు ముందు నెల్రోజులున్నాను.
నేను కడుగుతుంటే అది ఊకబూడిద చల్లేది.
నాది ఒక్క షిఫ్టు, మిల్లుది మూడు.
కల్యాణమండపం దగ్గర బేరాలు బాగానే తగిలాయి,
అందరికీ బయటివైపు చాలు, అదీ ఫోటోల్లోగా.
ఆసుపత్రి గేటు దగ్గర ఒక్క పూట.
అడగటానికి నోరు రాలేదు.

రొయ్యలు కొనే పల్లంరాజుగారు మాత్రం
సీట్ల కంపు మీద చెయ్యేస్తే కసిరారు:
"అది తియ్యకోయ్,
బ్యాంకోళ్ళు ఆ వాసన చూసే అప్పిస్తున్నారు."

ఆచంట దారిలో ఓ లాకు.
దాని మీద ఇరుకు వంతెన,
అటునుంచి బండొస్తే ఇటుబండి ఆగాల్సిందే.
ఆగినవాడు దిగుతాడు.
దిగినవాడు నూకరత్నం టీ తాగుతాడు.
తాగుతూ తాగుతూ తన కారుని చూస్తాడు,
ఎవరిదో కారన్నట్టు.
"ఏంటిది, ఇంత..." అనబోయి మానేస్తాడు.

ఆ మానెయ్యడం విన్నాను నేను.
అక్కడ బండాపి డోరు దించాను.

కాలవనీళ్ళు ఎర్రగా ఉన్నాయి, వరద మాసం.
నూకరత్నం అత్తగారు ఇండుపగింజ ఇచ్చింది,
పీపా అంచుకి అరగదీసి రాత్రంతా ఉంచమంది.
పొద్దున్నే చెంచాడు పోశాను.
బీడీ అయిపోయింది.
ఉంగరం లేదు.
ఉన్నది నా మొహం, సొట్ట దగ్గర వంకరగా.

లస్కరు ఏసుపాదంగారు గట్టు మీంచి అంతా చూశాడు.
"ఆఫీసులో కాగితం రాయించుకుని తీసుకో.
తీసుకున్నవి మళ్ళీ ఇవ్వకు.
దిగువన మూడూళ్ళ మంచినీళ్ళ చెరువులు
ఈ కాలవే తాగుతాయి."
రోడ్డుకి అటుపక్క గొయ్యి తవ్వాను,
ఇసక, బొగ్గు, పైన ఊక.
ఆయన రోజూ వచ్చి కర్రతో పొడిచి చూస్తాడు.
నురగ కనబడితే నాకు టీ ఉండదు, అంత కట్టుదిట్టం.

ఏప్రిల్లో కాలవ కట్టేస్తారుగా అంటాడు బావ.
కడితే కట్టనీ, ట్యాంకుంది,
రావులపాలెం దాకా వెళ్ళి గోదాట్లోనే నింపుకుంటా.

అది కాదు నా బెంగ.
మొన్న సర్వేవాళ్ళొచ్చారు.
వంతెన వెడల్పు చేస్తారట,
పిట్టగోడ మీద ఎర్రరంగుతో గుర్తేశారు.
కార్లు ఇంక ఆగవు.
వాళ్ళ జీపు నాచేతే కడిగించుకున్నారు.
చక్రాల సందుల్లో కూడా వేలుపెట్టి తుడిచాను,
పూర్తి డబ్బు తీసుకున్నాను.

నల్ల డోరు అమ్మేస్తావా అని
పాతినుము కుర్రాడు అడిగాడు.
లేదన్నాను.
ట్రక్కులో వెనకాలే ఉంది, గోనె కప్పుకుని.