శక్యతో

సిరొంచ పంచాయతీ సమితి నుంచి జీఆర్ వచ్చింది,
పదకొండు పేజీలు, మరాఠీల.
ఆఖరి పేజీ మీద ముద్ర సగమే పడ్డది.

గ్రామసేవక్ ఉయికే సారు సెలవుల ఉన్నడు.
మరాఠీ బడిల ఏడు దాకా చదివిన పాపానికి
చదివి చెప్పుడు నా మెడకు చుట్టుకున్నది.

ప్రాణహితల మన ఇసుక రేవు సంగతి:
పాట పెట్టే ముందు గ్రామసభ సమ్మతి
శక్యతో తీసుకోవాలని ఉన్నది.
"ముందుగాల మనల్ని అడగాలె" అని తెలుగు చేసిన.
నడుమ ఆ ఒక్క మాట మింగిన.

తునికాకు కట్టల డెబ్బైకి ఒక్క ఆకు తక్కువైనా
చేతి బరువుతోనే పట్టే మనిషి బానక్క.
"ఏదో దాటేసినవ్ బిడ్డా, గుటక వినబడ్డది."

"శక్యతో అని ఉన్నదక్కా. వీలైతే అన్నట్టు."

"ఎవరి వీలు?"

మళ్ల మొదటికెళ్లి తిరగేసిన.
మూడో నిబంధన ఏడును చూడుమన్నది,
ఏడు అనుబంధాన్ని చూడుమన్నది,
అనుబంధం జత లేదు.

బయట రెండు టిప్పర్లు
ఇంజన్ బంద్ చెయ్యకుంటనే నిలబడ్డయ్.
వాటికి ఎప్పుడూ వీలే.

సారు రాసే తీర్మానం బుక్కు నేనే తెరిచిన.
చేతులు వణికినయ్, వణకనీ.
వాళ్ల అక్షరాలల్లనే రాసిన:
ఈ రోజు సభకు శక్యమైంది.
వచ్చి అడగండి.

ఎనభై మూడు మంది.
సంతకాలు కొన్ని, వేళ్లే ఎక్కువ.
బానక్క ఎంత గట్టిగ ఒత్తిందో ఏమో,
వెనక పేజీకి కూడా
సిరా దిగింది.