గల్లంతు చీటీ

పొద్దున తొమ్మిదికల్లా కావలి నించి రెండు జీపులొచ్చినాయి.
తుమ్మలపెంట రోడ్డు మలుపులో మైకు కట్టినారు.
ఇయ్యాల ఉత్తుత్తి సునామీ అని
నిన్ననే టముకేసి చెప్పినారు గనక
పట్టపుపాలెంలో ఎవరూ భయపడలా.
నెత్తళ్ళు ఎండబోసినోళ్ళు మాత్రం
కాకులకి కాపలా ఎవరని గొణిగినారు.

తలా ఒక చీటీ.
కొండూరు చెంగయ్యకి కాలు విరిగింది.
వాడి పెళ్ళానికి స్పృహ తప్పింది,
నవ్వాపుకోలేక రెండుసార్లు లేచి కూర్చుంది.
పామంజి రమణమ్మవ్వకి చావు రాయలా,
ఈ వయసుకి నాకు గాకుండా ఇంకెవరికని
ఆఫీసరు మీద పడింది.
నా చీటీలో ఒకటే మాట.
గల్లంతు.

గల్లంతయినోళ్ళు సరుగుడు తోటలో దాక్కోండి,
మేమే వచ్చి వెతుక్కుంటాం
అన్నాడు నీలం చొక్కా పిల్లోడు.
ఇరవై రెండుంటాయేమో వాడికి.
ఆ ఆదివారం నాటికి ఉయ్యాల్లో ఉండుంటాడు.

సైరన్ పిల్లి గొంతుతో ఒకసారి ఏడ్చి ఆగిపోయింది.
చివరికి ఐసు బండి హారన్ కొట్టినారు.
ఊరంతా షెల్టరు మెట్లకేసి కదిలింది,
నేను ఎదురు నడిచి తోటలోకి పొయ్యినా.

అక్కడ కూర్చుంటే సంద్రం వినపడదు,
సరుగుడే వినపడతాది.
రెండూ ఒకటే గొంతు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
సంద్రం వెనక్కి పోయింది.
ఆటు కాదు.
అవతలి ఒడ్డున ఎవరో చాప గుంజినట్టు పోయింది.
బురద. బురదలో ఎగిరెగిరి పడే సావళ్ళు.
ఇంకొంచెం దూరాన, నల్లగా, ఒక పక్కకి ఒరిగి
మా నాయన లంగరు.

వినాయక చవితి ముందు తాడు తెగి పోయిన లంగరు.
రామాయపట్నం షావుకారు వారం వారం వచ్చి
మా గడప మీద కూర్చునేది దాని బాకీ కోసమే.
నాయన నవ్వినాడు.
మూడు నెలల తర్వాత అదే నవ్వడం.
"చూడు మే, గంగమ్మ తిరిగిచ్చేసింది" అని
పంచె ఎగ్గట్టి దిగినాడు.
నన్ను కట్ట మీదే ఉండమన్నాడు.
లంగరు దాకా పొయ్యినాడు.
దాని మీద చెయ్యేసినాడు.

అంతవరకే చెప్తా.
ఎవరో నా జడ పట్టుకోని పైకి లాగినారు.
ఎవరో ఇప్పటికీ తెలీదు.
దువ్వెన తగిలితే ఆ చోట ఇంకా సలుపుతాది.

పదైంది. పదిన్నరైంది.
చీమలు కాలెక్కినాయి.
నా పేరు పెట్టి ఎవరూ పిలవలా.
మైకులో లెక్క మాత్రం వినపడింది.
ఆరువందల పన్నెండు మంది, అందరూ క్షేమం.
చప్పట్లు.

చీర దులుపుకోని నడిచొచ్చినా.
పులిహోర పొట్లాలు అయిపోవస్తన్నాయి.
నీలం చొక్కా పిల్లోడు నాలిక్కరుచుకోని
రిజిస్టరు తిప్పి నా ముందు పెట్టినాడు.
దొరికిన సమయం అనేకాడ పదకొండూ పది రాసినా.
కనుక్కున్నది ఎవరు అనేకాడ కలం ఆగింది.
తుపిలి అంకమ్మ అని రాసినా.
అది నా పేరే.

అప్పుడు మైకు అడిగి తీసుకున్నా.

భూమి అదిరితే పరిగెత్తమని వీళ్ళు చెప్పినారు, నిజమే.
ఆ పొద్దు మన కాళ్ళ కింద ఏమీ అదర్లా.
సైరన్ సంగతి ఇందాక చూసినారు గదా.
ఫోన్లో మెసేజి కూడా అంతే, వస్తే వచ్చినట్టు.
ఇది గుర్తు పెట్టుకోండి.
సంద్రం వెనక్కి పొయ్యి
మీ పోయిన సొమ్ము మీకు చూపించిందంటే
దాని మొహం కూడా చూడబాకండి.
పిల్లల్ని తీసుకోని రోడ్డెక్కండి.
బాకీ ఎట్టాగైనా...

కరెంటు పోయింది.
బతికుంటే తీర్చుకోవచ్చు అనే ముక్క
గొంతెత్తి అరిచినా.

వెనక నించి రమణమ్మవ్వ,
"మరి మా ఆయన మొలతాడు కనపడితేనో?
వెండిది, ఆయన మీదే పోయింది."
కనపడినా సరే అవ్వా.
"సరేలే మే" అంది.
నమ్మినట్టు లేదు.

సందకాడ పోవాల.
అవ్వ గుడిసె నించి రోడ్డుకి ఎన్ని అడుగులో
అవ్వ చెయ్యి పట్టుకోని
అవ్వ నడకతోనే లెక్కెయ్యాల.