కైంచి

అల్-ఉలా దాటినంక నలభై కిలోమీటర్లకు మా క్యాంపు.
పదకొండు గుడారాలు, ఇరవై రెండు సైకిళ్లు,
ఒక నీళ్ల ట్యాంకరు, నేను.

గురువారం పొద్దుగూకంగ వస్తరు జనం.
నెత్తికి హెల్మెట్లు, మోకాళ్లకు చిప్పలు.
ఒక్కో సైకిలు నా మూడు నెలల జీతం.
"లింబాద్రీ, బ్రేకు చూడు. లింబాద్రీ, గాలి చూడు."
ఈ ఎర్రరాతి మీద గాలి ఎక్కువుండొద్దు,
టైరు జర మెత్తగుంటేనే రాయిని పట్టుకుంటది.
ఎవ్వరు నేర్పలే నాకిది. బొటనవేలు చెప్పింది.

రాయంటే రాయి కూడ కాదు,
ఇసుక, ఒకప్పుడు.
గోరుతోని గీకితే మళ్ల ఇసుకైతది.
ఎవడో ఒంటెను చెక్కిండు దీనిమీద, పక్కన ఒక మనిషిని,
చెయ్యి పైకెత్తి నిలవడ్డడు
పిలుస్తుండో, ఆగుమంటుండో.
"రెండువేల ఏండ్లది, ముట్టకు" అంటడు ఇద్రీస్.
నేను ముట్టలే. సైకిలు సుత ఆనియ్యలే.

నిన్న రాత్రి రేడియోల పిలుపు.
ఏడో నంబరు, గొడుగురాయి అవతల, పంచరు.
తలకు లైటు కట్టుకొని ఇద్రీస్ బండిల పోయిన.
రియాద్ డాక్టరమ్మ, హెల్మెటు ఒళ్లె పెట్టుకొని
రాతి మీద ఒక్కతే.
చక్రం తిప్పి తిప్పి వెతికితే దొరికింది:
తెల్లగ, వేలెడు పొడుగు.
అరే, నువ్వా!
మా ఒర్రె గట్టుమీది తుమ్మముల్లు,
పాస్‌పోర్టు లేకుండ వచ్చి కూసున్నది.
నేనెందుకు నవ్విన్నో తెల్వకనే ఆమె నవ్వింది.

బండెనుక నిండ నీళ్ల డబ్బాలు, సైకిలుకు జాగ లేదు.
ఆమె బండెక్కింది.
నువ్వు తొక్కుకుంట రా, అన్నడు ఇద్రీస్.

మెట్‌పల్లిల కిరాయి సైకిలు, గంటకు రూపాయి.
సీటు అందక నడుమ సందులకెళ్లి కాలు దూర్చి
కైంచి తొక్కేది, ఒక పక్కకు ఒరిగి, గొర్రెపిల్లను చంకనెత్తుకున్నట్టు.
కళ్లు తొవ్వ మీద లేవు,
దుకాణం గోడగడియారం మీదనే.

దీనికి కాలు దూర్చే సందు లేదు.
దూర్చి చూసిన. మోకాలు తట్టుకున్నది.
సరే అని సీటెక్కిన.
ఎన్నెల్ల రాయంత
కాలిన జొన్నరొట్టె రంగు.
దిగుడుల బ్రేకు ఇడిసిపెట్టిన,
కడుపుల పేగు పైకొచ్చింది,
ఎవ్వరు లేరని ఒర్రిన కూడ, ఏదో, మాట కాదు.
చెయ్యెత్తినోడి పక్కకెళ్లే పోయిన.
వాడు ఆగుమనలే.

పొద్దుగాల పుస్తకంల రాసిన:
ఏడో నంబరు. పంచరు ఒకటి. మిగతాదంత మంచిగున్నది.

ముల్లు జేబులనే ఉన్నది.
కూసుంటే కుచ్చుతది.