నల్లరాయి మీద చుక్కలు

కుతైసిలో, రియోని ఏటి ఒడ్డున మా కొట్టు.
నల్లరాయి మీద ఉక్కుమొనతో చుక్కలు పొడుస్తాను.
వెలుగున్న చోట ఒత్తుగా, నీడలో పలచగా.
చీకటికి చెయ్యాల్సిందేమీ లేదు, రాయే చీకటి.
పోయినవాళ్ళ ముఖాలు. ముప్పై ఏళ్ళుగా ఇదే నా కూడు.

మా నాన్న కాలంలో ఫోటోలు అట్టముక్కలుగా వచ్చేవి,
అంచులు పసుపెక్కి, వెనక పెన్సిల్‌తో తారీఖు.
ఇప్పుడు ఫోన్లోకి వస్తాయి, అర్ధరాత్రి, టింగుమని.
"ఎంత క్లియర్‌గా ఉందో చూడు జుంబెర్!"
అరచేతిలో ఉన్నంతసేపూ నిజమే, అద్దమే.
మూరెడు రాయికి సాగదీస్తే
కనుబొమలు జిగురు,
జుట్టుకి గంజి పెట్టినట్టు,
చెవిపోగు వెన్నముద్దలా కరిగి మెడలోకి.

మొన్న మాక్వలా రెండు ఫోటోలు తెచ్చింది.
ఇద్దరూ వాళ్ళమ్మే, నాజిబ్రోలా.

మొదటిది ఎవరిదో పెళ్ళిలో,
మోచేతంత లెన్సున్న కెమెరాతో
కూలికి వచ్చినవాడు తీసింది.
దాన్ని ఎంత పెద్దది చేస్తే అంత ఇస్తుంది.
రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు,
పుట్టుమచ్చ మీద ఒక్క తెల్లవెంట్రుక,
కంటిపాపలో కిటికీ, కిటికీలో చెట్టు.
నా బోటివాడికి పండగ.
పెదాలు మాత్రం బిగించి ఉన్నాయి,
రేషన్ ఆఫీసులో నిలబడ్డ మనిషిలా.

రెండోది ఫోన్‌ది.
ద్రాక్ష కోతల్లో, సాయంత్రం, ఎదురెండలో.
చర్మానికి మైనం పూసింది ఆ ఫోను,
అడక్కుండానే ఇరవై ఏళ్ళు తగ్గించింది,
చేతిలోని కత్తెరను నీడతో కలిపేసింది.
ఆవిడ మాత్రం నోరంతా తెరిచి నవ్వుతోంది.

"మొదటిదే ఖాయం చెయ్యి తల్లీ" అన్నాను.
మాట్లాడలేదు. చాలాసేపు రాయిని నిమిరింది.
"అందులో అమ్మ కెమెరాని చూస్తోంది" అంది,
"ఇందులో ఫోన్ పట్టుకున్నది నేను."

దానికేం చెప్పను?
స్టూలు జరిపి కూర్చోమన్నాను.
ఫోను చెరిపేసిన చోటల్లా వేలు పెట్టి అడిగాను:
ఇక్కడ ఏముండేది?
"గడ్డం కింద కాలిన మచ్చ, అత్తిపళ్ళ జామ్ చిందింది."
ఇక్కడ?
"పైన ఒక పన్ను లేదు. అందుకే పెళ్ళిలో నోరు విప్పలేదు."
కంటికొసల?
"మూడు గీతలు. కాదు, ఎడమవైపు నాలుగు.
ఉండు, నవ్వితే నాలుగు."
చెబుతూ చెబుతూ తనే నవ్వింది.
కళ్ళ దగ్గర నాలుగు గీతలు పడ్డాయి.
నేను లెక్కపెట్టాను, ఆవిడకి చెప్పలేదు.

నాలుగు రోజులు పొడిచాను.
ఏ కెమెరాలోనూ లేని పంటిసందు
రాయి మీద నల్లగా వదిలేశాను.

ఆఖరుకి దుమ్ము తుడిచి,
మాక్వలాకి పంపుదామని
నా ఫోను తీసి రాయి ముందు పట్టుకున్నాను.
అది మనిషే అనుకుంది.
నాజిబ్రోలా ముఖం చుట్టూ
పసుపుపచ్చ చతురస్రం గీసి, ఒక్క క్షణం ఆగి,
నేను చెక్కిన ముడతలన్నీ
నున్నగా తుడిచి ఇచ్చింది.

పంపలేదు.
వచ్చి చూసుకోమని కబురు పెట్టాను.